పాత ఉన్ని కిల్టుల కొనుగోలు, సంరక్షణము

స్కాట్లండు దేశమున పురుషులు నడుమునకు చుట్టుకొను కుచ్చిళ్ల ఉన్నివస్త్రమునకు కిల్టు అని పేరు. 1746లో చట్టముచే నిషేధింపబడినను, 1782లో ఆ నిషేధము తొలగెను. నేటికిని వివాహాది శుభకార్యములందు దీనిని ధరించుచున్నారు. ఒక కిల్టునకు సుమారు 8 గజముల బట్ట పట్టును గాన క్రొత్తది మిక్కిలి ఖరీదు. అందుచే పలువురు ఒకరు వాడినదానిని కొందురు. ఇది యుక్తమేయని మా యభిప్రాయము. శ్రద్ధగా కాపాడిన మంచి ఉన్ని తరములు నిలుచును.

కొనుటకు ముందు నడుము, పిరుదులు, పొడవు కొలిచి చూడవలెను. అంచు మోకాలి నడిమికి రావలెను. నడుమున స్వల్పభేదమున్నచో తోలుపట్టీల బకిల్సును జరిపి కుట్టవచ్చును. పొడవు మార్చుట కష్టము. పిమ్మట ఒక్కొక్క కుచ్చిలిని విప్పి వెలుతురునకు పట్టి చూడవలెను. చిమ్మెట కొట్టిన రంధ్రములు మడతలలో దాగియుండవచ్చును.

ఉన్నిని తినునది చిమ్మెట యొక్క పిల్లపురుగు. చెమటయు, ఆహారపు మరకలును గల బట్ట దానికి మరింత ప్రీతి. కావున ధరించిన పిదప బ్రష్షుతో దులిపి, గాలికి ఆరవేసి, మరకలు తీసి, అటుపిమ్మటనే పెట్టెలో నుంచవలెను. వేడినీట నలిపి ఉదికినచో ఉన్ని ముడుచుకొని దళసరియగును. ఇస్త్రీకి ముందు కుచ్చిళ్లను పొడుగుకుట్లతో నిలిపి, తడిగుడ్డ కప్పవలెను.

మన యిండ్లలోని శాలువలను, కంబళ్లను గూడ చిమ్మెట విడువదు. విద్యార్థులు వానిని ఈ రీతినే శుభ్రపరచి దాచుకొందురు గాక.