పచ్చదీపం వెలిగితే చాలదు!

గోడకు ఓ ఎర్రపెట్టె. దానిమీద మూడు రంగుల దీపాలు, ఓ బుల్లి తెర. పేరు ఫైర్ అలారం కంట్రోల్ ప్యానెల్. హాస్టళ్లలో, స్టడీహాళ్లలో వందలమంది నిద్రకు కాపలా కాసేది అదే. కాకపోతే ఆ కాపలాదారుకు మనం ఏం నేర్పితే అదే తెలుసు. నేర్పకపోతే? ఉన్నా లేనట్టే!

రాత్రి పదకొండు దాటినా అశోక్‌నగర్‌లో లైట్లు ఆరవు. గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ, బ్యాంకు... పరీక్ష ఏదైతేనేం, ఊరు విడిచి వచ్చినవాళ్లకు అడ్డా ఇదే. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రికి స్టడీహాలు, ఆ తర్వాత హాస్టల్లో ఓ మంచం. ఇటు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి అటు నారాయణగూడ దాకా ఏ సందులోకి తిరిగినా హాస్టల్ బోర్డులే. వాటిలో చాలావరకు ఒకప్పుడు కుటుంబాలు ఉండటానికి కట్టుకున్న ఇళ్లూ, అపార్ట్‌మెంట్లే. ఓ కుటుంబం ఉన్నచోట ఇప్పుడు పదిహేనుమంది. కింద వంటగది, మెట్లకింద కరెంటు మీటర్లు, వాటి పక్కనే ఛార్జింగ్‌కు పెట్టిన బైకు. పైకి వెళ్లాలన్నా, కిందికి రావాలన్నా ఒకటే మెట్లదారి.

అలాంటిచోట అర్ధరాత్రి కింద ఓ వైరు కాలితే పై అంతస్తులో నిద్రపోతున్న కుర్రాడికి ఎవరు చెబుతారు?

మంటకన్నా ముందు పొగ

అగ్నిప్రమాదం అనగానే మంటలు గుర్తొస్తాయి. కానీ చాలామందిని చంపేది పొగే. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఓ భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కింది. ఎనిమిదిమంది చనిపోయారు. ఆరు నెలలకే, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలొదిలారు. బతుకుతెరువు కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చిన పిల్లలు వాళ్లు. 2025 మే 18 తెల్లవారాక చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు.

చదువుకునే చోట్లకూ మినహాయింపు లేదు. సూరత్‌లో 2019 మే 24న ఓ కోచింగ్ సెంటర్ తగలబడి 22 మంది విద్యార్థులు చనిపోయారు. మన అశోక్‌నగర్‌కు ఢిల్లీలో అన్నలాంటి ముఖర్జీనగర్‌లో 2023 జూన్ 15న పిల్లలు కిటికీల్లోంచి తాళ్లూ తీగలూ పట్టుకుని కిందికి దిగారు.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పైగా నిద్రలో మన ముక్కును నమ్ముకోలేం. చెవి కాస్త నయం. అందుకే పొగను పసిగట్టి, చప్పుడుగా మార్చి, చెవిలో వేసే ఏర్పాటు ఒకటి కావాలి. ఆ ఏర్పాటుకు మెదడు ఈ ప్యానెల్.

పెట్టెలో ఏముంది?

కప్పుకు అంటించిన తెల్లటి గుండ్రటి బిళ్లలు డిటెక్టర్లు. వాటి లోపల చీకటి గది, అందులో ఓ సన్నటి కాంతి. పొగ చొరబడితే ఆ కాంతి చెదిరి పక్కనున్న సెన్సర్‌మీద పడుతుంది. వెంటనే ప్యానెల్‌కు కబురు. గోడకుండే ఎర్రటి చిన్నపెట్టె కాల్ పాయింట్. మంటను ఎవరు చూసినా దాన్ని నొక్కొచ్చు. కబురు అందుకున్న ప్యానెల్ హూటర్లను మోగిస్తుంది.

ప్యానెళ్లలో రెండు రకాలు. ఓ హాస్టల్ అనుకుందాం. కింద వంటగది, ఆఫీసు. పైన నాలుగంతస్తులు, అంతస్తుకు ఎనిమిదేసి గదులు. పాతరకం కన్వెన్షనల్ ప్యానెల్ అయితే అంతస్తుకో జోన్ పెడతారు. ‘మూడో అంతస్తులో ఏదో జరిగింది’ అని మాత్రమే చెబుతుంది. ఆ ఎనిమిది గదుల్లో ఎక్కడో మనమే వెతుక్కోవాలి. అడ్రసబుల్ ప్యానెల్ అయితే ప్రతి డిటెక్టర్‌కూ ఓ నంబరు. ‘304వ గది’ అని సూటిగా చెప్పేస్తుంది.

ఈ నంబర్ల ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1852లోనే అమెరికాలోని బోస్టన్‌లో వీధుల్లో టెలిగ్రాఫ్ పెట్టెలు పెట్టారు. మంట చూసినవాళ్లు పెట్టె తెరిచి హ్యాండిల్ తిప్పితే దాని నంబరు కేంద్ర కార్యాలయానికి చేరేది. ఏ వీధిలో ప్రమాదమో తెలిసిపోయేది. వీధిపెట్టె కాస్తా ఇప్పుడు గదికప్పుకు ఎక్కిందన్నమాట.

ఎక్కడ పెట్టాలి?

బిగించడంలో మొదటి పాఠం... చోటు. మామూలు చదును కప్పు కింద గదిలో ఏ మూల నుంచి చూసినా పొగ డిటెక్టర్ ఏడున్నర మీటర్ల లోపు ఉండాలన్నది లెక్క. ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకూడదు. పొగ దాని దగ్గరికి చేరకముందే చెదిరిపోతుంది. స్టడీహాళ్లలో క్యాబిన్లకు చెక్క గోడలు కడతారు. అవి కప్పు దాకా లేస్తే ప్రతి క్యాబినూ ఓ గదే. హాలు మధ్యలో ఒక్కటి బిగించి చేతులు దులుపుకొంటే కుదరదు.

వంటగదిలో పొగ డిటెక్టర్ పెడితే దోసె మాడిన ప్రతిసారీ హాస్టలంతా లేచి కూర్చుంటుంది. అక్కడ వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ పెట్టాలి. మెట్లదారిలో, మీటర్లబోర్డు దగ్గర మాత్రం పొగ డిటెక్టర్ తప్పనిసరి. పొగ పైకి ఎక్కే దారే అది కదా!

ఇక ప్యానెల్. వాచ్‌మన్‌కూ, వార్డెన్‌కూ, రేపు వచ్చే ఫైర్ సిబ్బందికీ గుమ్మంలోకి రాగానే కనిపించాలి. తాళం వేసిన ఆఫీసుగదిలో పెడితే దాని మాట ఎవరికీ వినపడదు.

రెసిస్టర్ కథ

కన్వెన్షనల్ ప్యానెల్ తన వైరు తెగిందో లేదో ఎలా కనిపెడుతుంది? వైరు చివర, ఆఖరి డిటెక్టర్ దగ్గర, ఓ చిన్న రెసిస్టర్ కలుపుతారు. ప్యానెల్ నుంచి కొద్దిపాటి కరెంటు వైరంతా తిరిగి ఆ రెసిస్టర్ గుండా వెనక్కి వస్తుంటుంది. వైరు తెగితే కరెంటు ఆగిపోతుంది. పసుపుదీపం వెలుగుతుంది. పొగ వస్తే డిటెక్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎర్రదీపం వెలుగుతుంది. ఎంత తేలికైన ఉపాయమో చూడండి.

దీన్ని మోసం చేయడమూ అంతే తేలిక. రెసిస్టర్‌ను వైరు చివర కాకుండా ప్యానెల్ పెట్టెలోనే కలిపేస్తే చాలు. బయట వైరు తెగినా, ఎలుక కొరికినా ప్యానెల్‌కు తెలియదు. అది హాయిగా పచ్చదీపం చూపిస్తూనే ఉంటుంది. పచ్చదీపానికి అర్థం కరెంటు ఉందని మాత్రమే. కాపలా ఉందని కాదు.

అడ్రసబుల్ ప్యానెల్లో వైరు ప్యానెల్ నుంచి బయల్దేరి అన్ని డిటెక్టర్లనూ చుట్టి మళ్లీ ప్యానెల్‌కే చేరుతుంది. దాన్నే లూప్ అంటారు. ఒకచోట తెగినా రెండువైపుల నుంచీ మాట్లాడగలదు. అయితే వెళ్లే వైరు, తిరిగొచ్చే వైరు ఒకే పైపులో వేస్తే? పైపు కాలితే రెండూ పోతాయి. లూప్ వేసి లాభమేంటి!

నేర్పితేనే వస్తుంది

వైర్లు లాగడంతో సగం పనే అయింది. మిగతా సగం కాన్ఫిగరేషన్. అసలు కిటుకంతా ఇక్కడే.

మొదటిది నంబరు. కొన్ని డిటెక్టర్లకు చిన్నచిన్న స్విచ్చులుంటాయి. 1, 2, 4, 8, 16, 32... ఇలా ఒక్కోదానికి ఒక్కో విలువ. 37 కావాలంటే 32, 4, 1 పైకి లేపాలి. ఒకే నంబరు ఇద్దరికి ఇస్తే ప్యానెల్ గందరగోళపడుతుంది.

రెండోది పేరు. 37 మోగిందంటే అర్ధరాత్రి వాచ్‌మన్‌కు ఏం అర్థమవుతుంది? ‘మూడో అంతస్తు, 304, మెట్ల పక్కన’ అని తెరమీద రావాలి. ఆ మాటలు ఒక్కోదానికీ కూర్చుని ఎక్కించాలి. ఓపిక లేక కంపెనీ నుంచి వచ్చినట్టే వదిలేస్తే అడ్రసబుల్ ప్యానెల్ కొన్న డబ్బు దండగ. గదిని రెండుగా విడగొట్టినా, గదుల నంబర్లు మార్చినా ప్యానెల్‌కూ చెప్పాలి. లేదంటే పరుగెత్తాల్సిన దారి ఒకటి, పరుగెత్తే దారి ఇంకొకటి.

మూడోది... ఏది మోగితే ఏం జరగాలి? దీన్ని ఓ పట్టికలా ముందే రాసుకుంటారు. అలారం వస్తే లిఫ్టు కిందికి దిగి తలుపులు తెరుచుకుని ఆగిపోవాలి. ఏసీ ఫ్యాన్లు ఆగాలి. అన్నిటికన్నా ముఖ్యం తలుపులు. స్టడీహాళ్లకు ఇప్పుడు వేలిముద్ర వేస్తేనే తెరుచుకునే అయస్కాంతం తాళాలు వచ్చాయి. అలారం మోగగానే అవి వాటంతటవే ఊడిపోవాలి. ఆ ఒక్క వైరు కలపకపోతే దొంగను ఆపాల్సిన తలుపు పిల్లల్ని ఆపేస్తుంది.

నాలుగోది ఆలస్యం. ఒక్క డిటెక్టర్ మోగగానే భవనమంతా హూటర్లు మోగించాలా, లేక వాచ్‌మన్ వెళ్లి చూసొచ్చేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలా? పగలు మనుషులు మెలకువగా ఉండే ఆఫీసులో ఆగొచ్చు. రాత్రి ఒక్క వాచ్‌మన్, అతనూ కునుకు తీస్తున్న హాస్టల్లో ఆ రెండు నిమిషాలే ప్రాణం తీస్తాయి. అందుకే చాలా ప్యానెళ్లలో పగటికీ రాత్రికీ వేర్వేరు ఏర్పాట్లు పెట్టుకునే వీలుంటుంది. వాడుకుంటే!

కరెంటు పోతే?

మంట అంటుకుంటే మొదట పోయేది కరెంటే. అందుకే ప్యానెల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి పెడతారు. ఎంత బ్యాటరీ అన్నది చిన్న లెక్క. మామూలు సమయంలో ప్యానెల్ పావు ఆంపియర్ తాగుతుందనుకుందాం. 24 గంటలకు 6. హూటర్లన్నీ మోగితే ఒకటిన్నర ఆంపియర్. అరగంటకు 0.75. మొత్తం 6.75. బ్యాటరీ పాతబడుతుంది కాబట్టి మరో పాతిక శాతం కలిపితే 8.4 ఆంపియర్ అవర్లు. 7 ఏహెచ్ బ్యాటరీ చాలదు, 12 పెట్టాలి. ఇంత చేసినా నాలుగేళ్లకోసారి మార్చాల్సిందే. పెట్టిన తేదీ దానిమీదే రాసిపెట్టుకుంటే మంచిది.

చప్పుడుకూ లెక్కుంది. మామూలు చోట్ల 65 డెసిబుల్స్, మనుషులు నిద్రపోయేచోట తలగడ దగ్గర 75 వినపడాలి. అదీ తలుపు మూసి ఉండగా! వరండాలో ఒక్క హూటర్ పెడితే, ఫ్యాను చప్పుడులో, దుప్పటి ముసుగులో ఉన్నవాడికి అది ఎక్కడో పక్కవీధిలో మోగినట్టుంటుంది.

నోరు నొక్కేస్తే...

ఇంతా చేసి ఆర్నెల్లకు ఓ రాత్రి అలారం ఉత్తినే మోగుతుంది. గోడలకు రంగులేసిన దుమ్మో, దోమల మందు పొగో, అగరొత్తులో కారణం. రెండోసారి మోగుతుంది. మూడోసారికి ఎవరో విసుగొచ్చి హూటర్ వైరు పీకేస్తారు. లేదంటే ఆ జోన్‌నే ఆపేస్తారు. పసుపుదీపం వెలుగుతుంది, బజర్ కీచుమంటుంది. బజర్‌నూ ఆపేస్తారు. ఇక ఆ పసుపుదీపం గోడమీద క్యాలెండర్‌లా అలవాటైపోతుంది.

ఉత్తుత్తి అలారానికి మందు నోరు నొక్కడం కాదు. ఏ డిటెక్టర్ మోగిందో చూసి దాన్ని శుభ్రం చేయాలి. లేదా చోటు మార్చాలి. రంగులు వేసేటప్పుడు తొడిగిన ప్లాస్టిక్ మూతలు పని అయ్యాక తీశారో లేదో చూసుకోవాలి. మూత ఉన్న డిటెక్టర్ కళ్లకు గంతలు కట్టిన వాచ్‌మన్ లాంటిది.

చట్టం ఉంది. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలకూ, 18 మీటర్లు, ఆపైన ఉన్న నివాస భవనాలకూ అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు ఇంకా తక్కువ ఎత్తుకే ఆ నిబంధన వర్తిస్తుంది. అపార్ట్‌మెంటుగా కట్టి హాస్టల్‌గా మారిన నాలుగంతస్తుల ఇల్లు ఆ ఎత్తులకు కాస్త కిందే ఆగిపోవచ్చు. పొగకు మాత్రం మీటర్ల లెక్క తెలియదు.

చేరేముందు చూడండి

పిల్లల్ని హాస్టల్లో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు అడిగేవి తిండి, నీళ్లు, బాత్రూములు. పిల్లలు అడిగేది వైఫై. వాటితోపాటు ఓ ఐదు నిమిషాలు వీటికీ కేటాయించండి.

ప్యానెల్ ఎక్కడుంది? పసుపుదీపం వెలుగుతోందా? వెలుగుతుంటే ఎన్నాళ్ల నుంచి?

ప్యానెల్ పక్కన రిజిస్టర్ ఉందా? చివరిసారి ఎప్పుడు పరీక్షించారో రాశారా?

మీ గదిలో డిటెక్టర్ ఉందా? దానికి మూత లేదు కదా?

తలుపు వేసుకుని మంచంమీద పడుకుంటే హూటర్ వినిపిస్తుందా? ఓసారి మోగించి చూపమనండి.

కరెంటు తీసేశాక కూడా మోగుతుందా? వేలిముద్ర తలుపు తెరుచుకుంటుందా?

మెట్లమీద బైకులు, పరుపులు, సిలిండర్లు లేవు కదా? అలారం మోగాక పరుగెత్తాల్సింది అటే.

అన్నిటికీ సరైన జవాబొస్తే అడ్వాన్స్ కట్టండి. విసుక్కుంటే ఆ వీధిలోనే మరో పది హాస్టళ్లున్నాయి. అలారం మోగగానే చేయాల్సింది మాత్రం ఒక్కటే. సామాన్లు సర్దుకోవద్దు, లిఫ్టు ఎక్కొద్దు. తోటివాళ్ల తలుపులు తడుతూ మెట్లమీదుగా బయటికి రండి, 101కి ఫోన్ చేయండి.