చంద్రుడి పేరున్న చిమ్మట

లేత ఆకుపచ్చ రెక్కలు, వెనుక పొడవాటి తోకలు. ఇదే చంద్ర చిమ్మట. దసలి పట్టునిచ్చే చిమ్మటదీ దీనిదీ ఒకే కుటుంబం. 1807లో హ్యూబ్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి గ్రీకుల చంద్రదేవత సెలీని పేరు పెట్టాడు.

గుంపెన వంటి చెట్ల ఆకులు తిని గొంగళిపురుగు బాగా బలుస్తుంది. ఆకుల మధ్య పట్టుగూడు అల్లుకుంటుంది. గూటి నుంచి బయటికొచ్చిన చిమ్మటకు తినడానికి పనికొచ్చే నోరు ఉండదు. పురుగుగా దాచుకున్న బలంతోనే వారం రోజులు బతుకుతుంది. ఆలోపే మగది వాసన పట్టి ఆడదాన్ని చేరాలి, ఆడది గుడ్లు పెట్టాలి.

బదిలీలతో మనం ఏ రాష్ట్రానికి వెళ్లినా, అక్కడి భాషలో దాని పేరు మారవచ్చు. ‘ఆక్టియాస్ సెలీని’ అనే శాస్త్రీయ నామం మాత్రం మారదు. వరండా దీపం దగ్గర కనిపిస్తే పట్టుకోవద్దు, దీపం ఆర్పేద్దాం. దానికున్నవి కొన్ని రాత్రులే.