నిప్పును వెంటబెట్టుకుని ప్రయాణించే సరుకు

పిల్లలూ, కృష్ణపట్నం రేవులో బొగ్గు కుప్పలు చూశారు కదా. ఎవరూ అగ్గిపుల్ల గీయకపోయినా బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది. గాలిలోని ఆక్సిజన్ దానితో మెల్లగా కలుస్తుంటే వేడి పుడుతుంది. కుప్ప పెద్దదై ఆ వేడికి బయటికి పోయే దారి దొరక్కపోతే, అది లోలోపలే పెరిగి పొగ మొదలవుతుంది. అందుకే బొగ్గు మోసే ఓడల్లో వేడినీ, కార్బన్ మోనాక్సైడునీ కొలుస్తూ ఉంటారు. తేడా కనిపిస్తే సరుకు గదుల మూతలు బిగించి గాలి అందకుండా చేస్తారు. గాలి అందకపోతే బొగ్గు నిప్పు నీరసించిపోతుంది.

ఇప్పుడు రేవులకు ఇంకో నిప్పు సరుకు వస్తోంది. అది మీ జేబుల్లోనూ ఉంది. దాని దగ్గర ఈ మూతలు బిగించే ఉపాయం పారదు.

లిథియం అయాన్ బ్యాటరీని మనసులోనే విప్పి చూద్దాం. నిజంగా మాత్రం విప్పకండి. ఒక పక్క రాగి రేకు మీద గ్రాఫైటు పూత, ఇంకో పక్క అల్యూమినియం రేకు మీద లోహ ఆక్సైడు పూత. మధ్యలో వెంట్రుక కన్నా పలుచనైన ప్లాస్టిక్ పొర. అంతా తడిసి ఉండే ద్రవం నీళ్లు కాదు, అంటుకునే గుణమున్న కర్బన ద్రావకం. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ఆ పొర గుండా ఒక పక్కకు వెళతాయి, వాడేటప్పుడు తిరిగి వస్తాయి. ఆ పలుచటి పొర బాగున్నంత కాలం అన్నీ బాగుంటాయి.

గట్టిగా నలిగినా, తయారీలో ఒక లోహపు రేణువు లోపల ఉండిపోయినా, మితిమీరి ఛార్జి చేసినా పొర దెబ్బతిని రెండు పక్కలూ తగులుకుంటాయి. అక్కడ వేడి పుడుతుంది. దాదాపు 130 డిగ్రీల దగ్గర ప్లాస్టిక్ పొర కరగడం మొదలవుతుంది. దాంతో ఇంకా ఎక్కువ చోట తగులుకుంటుంది. రెండు వందల డిగ్రీలు దాటాక నికెల్, కోబాల్టు రకాల ఆక్సైడు తనలోని ఆక్సిజన్‌ను వదులుతుంది. చూశారా, అంటుకునే ద్రవం లోపలే ఉంది, వేడి లోపలే పుట్టింది, ఆక్సిజన్ కూడా లోపలి నుంచే వచ్చింది. బయటి గాలిని ఆపి ఏం లాభం? ఇనుము, ఫాస్ఫేటు రకం బ్యాటరీ ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు కాబట్టి కాస్త నెమ్మది. అయినా దాని ద్రవమూ మండేదే, రవాణా నియమాలు దానికీ వర్తిస్తాయి.

ఒక సెల్ మండితే దాని వేడికి పక్క సెల్ కాగుతుంది. నడివేసవిలో పల్లెపాలెంలో ఒక పాక అంటుకుంటే గాలివాటున వరసంతా ఎలా పోతుందో, ఇక్కడా అంతే.

'నీళ్లు పోస్తే ఆరదా తాతా?' అని అడుగుతారని తెలుసు. లిథియం లోహం నీళ్లు తగిలితే భగ్గుమంటుందని బళ్లో చదివి ఉంటారు. ఈ బ్యాటరీల్లో లిథియం మామూలుగా లోహంగా ఉండదు, అందుకే వీటి మీద నీళ్లు పోయవచ్చు. ధారాళంగా పోయాలి, చాలాసేపు పోయాలి. వేడిని లాగెయ్యడమే ఇక్కడ మందు. మరి నడిసముద్రంలో, వేల పెట్టెల మధ్య, ఏ పెట్టెలో ఏముందో తెలియకపోతే నీళ్లు ఎక్కడ పోస్తారు? ప్రమాదకర సరుకుల నియమాలన్నీ ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

సముద్ర రవాణాకు ఐఎండీజీ కోడ్ అని ఒకటుంది. 1965లో వచ్చింది, 2004 నుంచి తప్పనిసరి అయింది. దాని ప్రకారం పేలుడు మందులు ఒకటో తరగతి, పెట్రోలు మూడు, ఆమ్లాలు ఎనిమిది, మన బ్యాటరీలు తొమ్మిది. విడి లిథియం అయాన్ బ్యాటరీలకు యూఎన్ 3480 అనే నంబరు, పరికరంలోనో పరికరంతోనో కలిపి పంపేవాటికి యూఎన్ 3481. పెట్టె మీద అంటించే బిళ్లలో పైన నల్లటి నిలువు చారలు, కింద మంట రేగుతున్న బ్యాటరీల బొమ్మ, అడుగున 9 అంకె ఉంటాయి. ఆ బిళ్ల కనిపిస్తే చాలు, భాష తెలియని నావికుడికీ సంగతి అర్థమవుతుంది.

అసలు ప్రయాణానికి ముందే ప్రతి బ్యాటరీ నమూనాకూ పరీక్షలుంటాయి. విమానం ఎగిరే ఎత్తుల కన్నా పైన ఉండేంత పలుచటి గాలిలో గంటల తరబడి ఉంచుతారు. 72 డిగ్రీల వేడికీ, సున్నాకు దిగువన 40 డిగ్రీల చలికీ మార్చి మార్చి తిప్పుతారు. అదురుకు, కుదుపుకు, షార్ట్ సర్క్యూట్‌కు గురిచేస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం మాత్రం విమానాలది. విడి బ్యాటరీలను సరుకు విమానంలో పంపాలంటే ఛార్జి 30 శాతానికి మించకూడదు. లోపల నిల్వ ఉన్న శక్తి తక్కువైతే, ఒకటి చెడినా పక్కదాన్ని మండించేంత వేడి పుట్టే అవకాశం తగ్గుతుంది. ప్రయాణికుల విమానాల్లోనైతే 2016 ఏప్రిల్ నుంచి ఇలాంటి విడి బ్యాటరీలను సరుకుగా తీసుకోవడమే మానేశారు.

ఈ నియమాల వెనక ప్రాణాలు పోయిన చరిత్ర ఉంది. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి జర్మనీకి బయల్దేరిన సరుకుల బోయింగ్ 747లో మంటలు లేచాయి. పొగలో పైలట్లకు ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనబడలేదు. వెనక్కి తిప్పినా రన్‌వే అందలేదు, ఇద్దరూ చనిపోయారు. ఆ విమానంలో లిథియం బ్యాటరీలు చాలా ఉన్నాయి. వాటిలో కనీసం మూడు సరుకులను ప్రమాదకరమైనవని ప్రకటించాల్సి ఉండీ ప్రకటించలేదని విచారణలో తేలింది. సరుకు పేరు దాచి పంపడాన్ని నేను కాగితం పొరపాటుగా చూడలేను. అవతలివాడి చేతిలోంచి నీళ్ల గొట్టం లాగేసుకోవడం అది.

మన దగ్గరా చూశాం. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు ఎక్కి 8 మంది చనిపోయారు. అది రవాణా కాదు, నిల్వ. గుణం మాత్రం అదే.

ఇదంతా మనకెందుకంటే, సరుకు మన గుమ్మం ముందు నుంచే వెళుతోంది. తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం అయాన్ సెల్స్ ప్లాంటును 2022లో మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. చెన్నై రేవుల్లో దిగే సరుకు ఉత్తరానికి వెళ్లాలంటే తడ, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారే దారి. రోహిణి కార్తె ఎండలో ఇనుప కంటైనర్ లోపల ఎంత ఉడుకుతుందో మన ఊళ్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉడుకు ఒక్కటే మంచి బ్యాటరీని మండించదు. కానీ దెబ్బతిన్నదాన్ని ప్రమాదానికి దగ్గర చేస్తుంది. ఓడల్లో ఈ పెట్టెలను వేడికి దూరంగా పెట్టమనడం అందుకే.

ఉప్పునీళ్ల సంగతి మన తీరానికి మరీ ముఖ్యం. 1989 నవంబరులో కావలి తుపాను వచ్చిన నాటికి ఈ బ్యాటరీ అంగడికే రాలేదు, 1991లో వచ్చింది. ఇప్పుడు ఉప్పెన వస్తే ఇంటింటా బ్యాటరీలు నానుతాయి. ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది, లోపల తుప్పు పట్టిస్తుంది. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుపాను తర్వాత, సముద్రపు నీళ్లలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని నీళ్లు తీశాక రోజులు గడిచి అంటుకున్నాయి. తడి ఆరిపోయింది కదా అని నానిన బ్యాటరీని ఇంట్లోకి తెచ్చుకోకూడదు.

ఒక చిన్న లెక్క నేర్చుకోండి. పవర్ బ్యాంక్ మీద 10,000 మిల్లీ యాంపియర్ అవర్ అని ఉంటే అది 10 యాంపియర్ అవర్. దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్ అవర్లు. విమానంలో 100 దాకా చేతిసంచిలో పెట్టుకోవచ్చు, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి. లగేజీలో వెయ్యకూడదు, ఎందుకంటే అక్కడ పొగ వస్తే చూసేవాళ్లుండరు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ మూడు వేల వాట్ అవర్లు ఉందనుకోండి, అలాంటి పవర్ బ్యాంకులు ఎనభై ఒకే పెట్టెలో ఉన్నట్టే.

కాబట్టి అబ్బయ్యా, ఉబ్బినది, సొట్టపడినది, నీళ్లలో నానినది ఎంత ఖరీదైనా బస్సు పార్సిల్‌లో వెయ్యొద్దు. అలాంటివి విమానాలకు పూర్తిగా నిషేధం, ఓడల్లో వాటికి వేరే ప్యాకింగ్ కావాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది, వాళ్లకే అప్పగించండి. బాగున్నదాన్ని పంపేటప్పుడు కూడా బ్యాటరీ టెర్మినళ్లకు టేపు వేసి, కౌంటర్ దగ్గర 'ఇందులో లిథియం బ్యాటరీ ఉంది' అని మీరే ముందుగా చెప్పండి. వాళ్లు 'తీసుకోం' అంటే వెనక్కి తెచ్చుకోండి, ఇంకో మాట రాసి పంపొద్దు.