బాలల రక్షణ: ధార్మిక సంస్థల సేవ, చట్టం మోపిన బాధ్యత

పెళ్ళి పందిట్లో మంత్రం చదివే పురోహితుడు, నిఖా జరిపించే ఖాజీ, ఆశీర్వచనం పలికే పాస్టర్. వధువుకు పద్దెనిమిదేళ్ళు నిండలేదని తెలిసి వీరు తప్పుకుంటే ఆ వివాహానికి సమాజం ముందు ఆమోదం దొరకడం కష్టం. బాలల దోపిడీని అరికట్టే కార్యక్రమాలలో మతపెద్దల సహకారం కోరడానికి కారణం ఇదే.

ముందుగానే ఆపడం

2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం వివాహం జరిపించిన వ్యక్తికి రెండేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అక్షయ తృతీయ వంటి రోజులలో సామూహిక బాల్యవివాహాలను నిరోధించేందుకు జిల్లా మేజిస్ట్రేటునే నిషేధాధికారిగా ఈ చట్టం పరిగణిస్తుంది. వయసు ధ్రువపత్రం చూడనిదే ముహూర్తం పెట్టబోమని పురోహితులు, ఖాజీలు నిలబడితే అధికారులు పందిరి దాకా వెళ్ళవలసిన అవసరమే తగ్గుతుంది.

ఆచారం పేరిట బాలికలకు అన్యాయం జరిగిన చరిత్ర కూడా ఉంది. బాలికలను దేవతకు అంకితం చేసే దేవదాసీ, జోగినీ ఆచారాలను 1947లో మద్రాసు రాష్ట్రం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం ద్వారా నిషేధించాయి. విశ్వాసం పేరు చెప్పి సాగే దురాచారాన్ని విశ్వాసులే ఖండించినప్పుడు ఆ మాటకు బలం ఎక్కువ.

చేరదీయడం

ఇల్లు విడిచి రైల్వే స్టేషన్లకు చేరే పిల్లలు దళారుల చేతిలో పడే ప్రమాదం ఉంది. అటువంటి పిల్లల కోసం క్రైస్తవ సలేషియన్ సభ విజయవాడలో నవజీవన్ బాలభవన్ నడుపుతోంది. హైదరాబాద్‌లో 1996లో సునీతా కృష్ణన్‌తో కలిసి ప్రజ్వల సంస్థను స్థాపించిన జోస్ వెట్టికాటిల్ క్రైస్తవ మిషనరీ. వ్యభిచార కూపంలో చిక్కిన తల్లుల పిల్లలకు చదువు చెప్పడంతో ఆ సంస్థ మొదలైంది. తల్లి బతుకు బిడ్డకు వారసత్వం కాకూడదన్నది దాని ఉద్దేశం.

అయితే సేవాభావం ఒక్కటే చాలదు. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం సంరక్షణ అవసరమైన బాలలకు ఆశ్రయమిచ్చే ప్రతి సంస్థ నమోదు కావాలి. దొరికిన బిడ్డను, ప్రయాణ సమయం మినహా, 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. పిల్లలను వసతి గృహంలో ఉంచడం చివరి మార్గం మాత్రమేనని, కుటుంబానికి చేర్చడమే మొదటి ప్రయత్నం కావాలని చట్టం చెబుతోంది.

మినహాయింపు లేదు

2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం ఇంకా కఠినమైనది. ధార్మిక సంస్థ యాజమాన్యం లేదా సిబ్బంది అక్కడి బిడ్డపై అత్యాచారానికి పాల్పడితే దానిని తీవ్రతరమైన నేరంగా పరిగణిస్తారు. 2019 సవరణ తర్వాత అటువంటి నేరానికి కనీస శిక్ష ఇరవై ఏళ్ళు. నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థాధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. సంస్థ పరువు కోసం విషయాన్ని పెద్దల సమక్షంలో సర్దుబాటు చేయడానికి చట్టంలో చోటు లేదు. సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారికి మాత్రం చట్టం రక్షణ కల్పించింది.

బాధిత బాలలకు కావలసింది

జరిగిన దానికి బిడ్డ కారణం కాదన్న మాట పెద్దల నోట పదేపదే వినిపించాలి. పాపం, కళంకం, క్షమించడం వంటి మాటలు బిడ్డపై భారం మోపుతాయి. వైద్యం, మానసిక నిపుణుల తోడ్పాటు, న్యాయ సహాయం, తిరిగి బడి అవసరం. పేరు, ఊరు, బడి వంటి గుర్తింపు వివరాలను మీడియాలో వెల్లడించడం నేరం. ప్రార్థన మందిరంలో సానుభూతితో చెప్పే మాటలలోనూ అదే జాగ్రత్త అవసరం.

ఆపదలో ఉన్న బిడ్డ గురించి 1098 లేదా 112 నంబరుకు ఫోన్ చేసి తెలియజేయవచ్చు. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా గోడలపై ఈ నంబర్లు కనిపిస్తే, అక్కడికి వచ్చే పిల్లలకు సహాయం ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది.