ఆటలో జంటకత్తుల వీరుడు

వ్యూహపు ఆటలు మనకు క్రొత్తవి కావు. చదరంగము రాజాస్థానములలో వర్ధిల్లినట్లే పులిజూదము రచ్చబండలమీదను, గుడి మండపముల రాతిపలకలమీదను వర్ధిల్లినది. గోదావరి యొడ్డున నున్న లక్సెట్టిపేట వంటి ఊళ్లలో నేలపై సుద్దతో గీతలు గీచి, చింతపిక్కలను మేకలుగాను, గులకరాళ్లను పులులుగాను నిలిపి ఆడిన తరమువారు ఇంకను మన నడుమ నున్నారు. వారి మనుమలు నేడు అదే పనిని కంప్యూటర్ తెరమీదను, చేతి ఫోనులోను చేయుచున్నారు. అక్కడ పులులకు బదులు రాక్షసులు, మరుగుజ్జు యోధులు, మంత్రగాండ్రు ఉందురు. ఈ కల్పిత లోకపు యుద్ధక్రీడలలో తరచుగా పుట్టెడి వివాద మొకటి కలదు. ఒక వీరునికి రెండు చేతులలో రెండు ఆయుధములు ఈయవచ్చునా, కూడదా?

ఇది పైకి పిల్లల తగవుగా తోచును. కాని ఇందులో ఆటకు సంబంధించిన న్యాయమును, చరిత్రకు సంబంధించిన నిజమును రెండును ఇమిడియున్నవి. కనుక కొంచెము ఓపికతో విచారింతము.

నిజమైన యుద్ధములలో జరిగినదేమో మొదట చూతము. జంట ఆయుధములనగానే మనకు అర్జునుడు స్ఫురించును. ఆయనకు సవ్యసాచి యని పేరు. ఎడమచేతితో సైతము బాణము ప్రయోగింపగలవాడని దాని భావము. విరాటపర్వములో ఉత్తరునికి తన పది పేర్లను తెలుపునపుడు అర్జునుడు ఈ పేరును గూడ వివరించును. తిక్కన భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నది ఈ పర్వముతోనే. అయితే సవ్యసాచి రెండు విండ్లు పట్టినవాడు కాడు. విల్లు ఒకటే, దానికే రెండు చేతులును కావలెను. ఏ చేయి వింటిని పట్టినను, ఏ చేయి నారిని లాగినను గురి తప్పకుండుటయే ఆయన ఘనత. బలము రెట్టింపగుట వేరు, నేర్పునకు అడ్డు లేకుండుట వేరు. మన శిల్పులును ఈ సంగతి ఎరిగినవారే. దేవతకు నాలుగు ఆయుధములు ఈయవలసివచ్చినప్పుడు నాలుగు చేతులను గూడ ఇచ్చినారు! వీరగల్లులమీద చెక్కిన మానవ యోధులలో మాత్రము కుడిచేత కత్తి, ఎడమచేత డాలు పట్టినవారే తరచుగా కనిపింతురు.

ఇతర దేశములలో జంట ఆయుధములు లేకపోలేదు. 16, 17 శతాబ్దులలో ఐరోపాలో సన్నని పొడుగుకత్తితోపాటు ఎడమచేత బాకు పట్టెడి పద్ధతి ప్రబలముగా నుండెను. ఆ బాకు ముఖ్యముగా ఎదుటివాని వ్రేటును ఆపుటకే. పొడుచుట తరువాతి మాట. జపానులో మియమొటొ ముసాషి అను ఖడ్గవిద్యాగురువు ఒక పొడుగుకత్తిని, ఒక పొట్టికత్తిని కలిపి ప్రయోగించు సంప్రదాయమును నెలకొల్పెను. ఆయన 1645లో మరణించుటకు ముందు వ్రాసిన గ్రంథములో, పొడుగుకత్తిని ఒంటిచేత త్రిప్పుట అలవడవలెననుటను ఇందుకు ఒక కారణముగా చెప్పెను. మన కఱ్ఱసాములోను రెండు కఱ్ఱలు త్రిప్పువారు కలరు. చూచుటకు ముచ్చటగా నుండును. కాని ఒకదానికి మరియొకటి తగులకుండ త్రిప్పుటకు ఏండ్ల సాధన కావలెను. దీనినిబట్టి తేలునదేమనగా, జంట ఆయుధములు నిజమే గాని, రెండవ ఆయుధము వలన దెబ్బ రెట్టింపగుననుట నిజము కాదు.

ఇక ఆట సంగతి. పులిజూదములో సాధారణముగా పులులు 3, మేకలు 15. పులి ప్రక్కనున్న మేకమీదుగా ఖాళీ గడికి దుమికి దానిని చంపును. మేకలు కదలిక లేకుండ పులిని కట్టివేయును. ఒక వైపున బలము, ఒక వైపున సంఖ్య. ఈ రెండును తూగుటయే ఆటకు ప్రాణము. ఇప్పుడు పులికి రెండు నోళ్లున్నవనియు, ఒకే ఎత్తులో రెండు మేకలను తినవచ్చుననియు ఒక క్రొత్త నియమము పెట్టినామనుకొందము. మేకల సంఖ్యను పెంచకుండ, పులుల సంఖ్యను తగ్గించకుండ అట్లు చేసినచో, మేకలు పట్టినవాడు రెండు ఆటలు చూచి మూడవ ఆటకు కూర్చుండడు. జంటకత్తుల వీరుని విషయములో చిక్కంతయు ఇదే.

దీనిని అంకెలలో చూచిన ఇంకను స్పష్టమగును. ఇద్దరు యోధులకు చెరి 20 పాళ్ల ప్రాణమున్నదనుకొందము. ఒక్కొక్క వ్రేటు తగిలిన 4 పాళ్లు పోవును. డాలు లేనివానికి నూటికి 60 వ్రేట్లు తగులును. డాలున్నవానికి 30 మాత్రమే తగులును. కత్తియు డాలును గలవాడు వంతునకు ఒక్కసారి కొట్టును. సగటున అతడు కలిగించు నష్టము 2.4. జంటకత్తులవాడు వంతునకు రెండుసార్లు కొట్టును; కాని డాలు అడ్డుండుటచేత అతడు కలిగించు నష్టమును 2.4 మాత్రమే. ఇద్దరును సమానులే! ఇప్పుడు డాలును కొంచెము బలహీనముగా చేసి, నూటికి 45 వ్రేట్లు తగులునట్లు మార్చుదము. జంటకత్తులవాని దెబ్బ సగటున 3.6 అగును. ఎదుటివాడు ఆరవ వంతులో పడిపోవును. తాను మాత్రము తొమ్మిదవ వంతు దాక నిలుచును. ఒక్క అంకె మారగానే డాలు పట్టుట అవివేకమైపోయినది. అప్పుడు ఆటగాండ్రందరును జంటకత్తులవానినే ఎన్నుకొందురు. ఎన్నిక ఒకటే అయినచోట వ్యూహమున్నదనుట ఎట్లు?

అనుభవజ్ఞులైన ఆటల నిర్మాతలు ఈ చిక్కును పలు విధముల విడదీసినారు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రచురించిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్, సైనికుల బొమ్మలతో ఆడు యుద్ధక్రీడలనుండి పుట్టినది. దాని 2014 నాటి నియమముల ప్రకారము సామాన్య యోధుని చేతులలోని రెండు ఆయుధములును తేలికవై యుండవలెను; రెండవ వ్రేటునకు దేహబలము వలన వచ్చు అదనపు దెబ్బ చేరదు; డాలునకు చోటుండదు గనుక దాని రక్షణయు పోవును. అనగా వరము ఇచ్చి, వెంటనే దాని వెల వసూలు చేసినారు. జపానువారి ఫైర్ ఎంబ్లెమ్ మరియొక దారి త్రొక్కినది. అందులో యోధుడు పలు ఆయుధములను మోయవచ్చును గాని, ఒక పోరులో ఒకటే పట్టవలెను. 1996 నుండి అందులో కత్తి గొడ్డలిని, గొడ్డలి బల్లెమును, బల్లెము కత్తిని మించునను చక్రమును ప్రవేశపెట్టినారు.

2003లో మొదలై, స్వచ్ఛందముగా పనిచేయువారి కృషితో పెరిగి, అందరికిని ఉచితముగా లభించు బాటిల్ ఫర్ వెస్నాత్ అను ఆటలోని పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. అందులో మరుగుజ్జు యోధునికి గొడ్డలియు, సమ్మెటయు రెండును ఉన్నవి. గొడ్డలితో 7 పాళ్ల దెబ్బలు మూడు; సమ్మెటతో 8 పాళ్ల దెబ్బలు రెండు. సామాన్య శత్రువుపై గొడ్డలియే మేలు, 21కి 16. కాని ఎదుట నిలిచినది అస్థిపంజరమైనచో కోతపెట్టు ఆయుధము దానిపై అంతగా పనిచేయదు. మోదు ఆయుధము ఎక్కువగా పనిచేయును. అప్పుడు గొడ్డలి దెబ్బలన్నియు తగిలినను 12 పాళ్లే; సమ్మెటతో 20. రెండు ఆయుధములు ఉన్నను దెబ్బ రెట్టింపు కాలేదు, ఆలోచన రెట్టింపైనది. ఆటగాడు ఎదుటివానిని చూచి ఆయుధమును ఎన్నుకొనవలెను.

వెల అను మాట వచ్చినది గనుక మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పవలసియున్నది. మెట్‌పల్లి దాపుననున్న కోనసముద్రములో ఒకప్పుడు మూసలలో ఉక్కు కరగించెడివారు. ఆ ఉక్కు కత్తులకు ప్రశస్తమైనదగుటచే పారశీక వర్తకులు దానికొరకు అక్కడికి వచ్చెడివారు. 19వ శతాబ్ది తొలి భాగమున వోయ్‌సీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ పనిని స్వయముగా చూచి వర్ణించెను. ఖనిజము త్రవ్వి, బొగ్గు కాల్చి, మూసలు చేసి, కొలిమిలో కాచి, దీర్ఘకాలము చల్లార్చిన పిమ్మటగాని ఒక చిన్న ఉక్కుముద్ద చేతికి రాదు. అట్టి ముద్దనుండి సాగదీసిన కత్తి ఒకటి సంపాదించుటయే భాగ్యము. రెండవది ఊరకే రాదు. ఆటలోని ఖజానాలో బంగారము లెక్క ఉన్నప్పుడు, రెండవ కత్తికి గూడ అందులో లెక్క వ్రాయుట న్యాయము.

మా అభిప్రాయము ఇది. కల్పిత లోకపు ఆటలలో జంట ఆయుధములను నిషేధింప నక్కరలేదు. అసాధారణుడైన వీరుని చూడవలెనను కోరిక కథ విను ప్రతివానికిని సహజము. దానిని కాదనిన ఆట పొడిలెక్కగా మిగిలిపోవును. అయితే మూడు కట్టుబాట్లు ఉండవలెను. రెండవ చేతిలో కత్తి పట్టినవాడు డాలును వదలుకొనవలెను. ఆ విద్య అందరికిని పుట్టుకతో రాక, సాధనతోనో ధనముతోనో సంపాదింపవలసినదై యుండవలెను. ఒక శత్రువుపై అది మేలైనచో, మరియొక శత్రువుపై, ముఖ్యముగా దూరమునుండి బాణములు వేయువానిపై, కీడు కావలెను.

మన యువకులు నేడు ఆటలను ఆడుటతో తృప్తిపడక నిర్మించుటకును పూనుకొనుచున్నారు. కాకతీయుల కోటలను, గోదావరి తీరపు అడవులను తెరపైకి తెచ్చువారికి ఈ విచారణ అక్కరకు రావలెనని మా యాశ. ఒక యింట అన్నదమ్ములు ఆడుకొనునప్పుడు, పెద్దవాడు ఎప్పుడును ఒకే వీరుని పట్టి గెలుచుచున్నచో చిన్నవాడు అలిగి లేచిపోవును. అది చిన్నవాని తప్పు కాదు, నియమము వ్రాసినవాని తప్పు. ఓడినవాడు గూడ “ఇంకొక్క ఆట” అని అడుగునట్లు వ్రాసినదే మంచి నియమము.