పేపర్ పంపేముందు పత్రికను చదవండి!

‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి... మీ పరిశోధన అద్భుతం. పేపర్ పంపితే వారంలో ప్రచురిస్తాం.’ పీహెచ్‌డీలో చేరి ఏడాది తిరగకముందే ఇలాంటి మెయిళ్లు వచ్చిపడుతుంటాయి. సంబరపడకండి. ఆ ‘వారం’ దగ్గరే అనుమానించాలి!

పేరున్న జర్నల్ ఏదైనా పేపర్ రాగానే అచ్చెయ్యదు. అదే సబ్జెక్టులోని నిపుణులకు పంపుతుంది. వాళ్లు లెక్కలూ పద్ధతీ చూసి లోపాలు చెబుతారు, రాసినవాళ్లు సరిదిద్దుకుంటారు. ఈ పీర్ రివ్యూకి నెలలు పడుతుంది. డబ్బులకోసం పుట్టిన జర్నల్స్ దీన్నే ఎగ్గొడతాయి. 2013లో ‘సైన్స్’ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే విలేకరి, కావాలనే తప్పులు పెట్టిన ఓ క్యాన్సర్ మందు పేపర్‌ని 304 జర్నల్స్‌కి పంపితే 157 ఒప్పేసుకున్నాయి. అలాంటిది నమ్మి ఎవరైనా వైద్యం చేస్తే?

మన దగ్గరా ఉంది ఈ తంతు. హైదరాబాద్‌కి చెందిన ఓమిక్స్ సంస్థ పీర్ రివ్యూ, ఫీజుల విషయంలో పరిశోధకుల్ని మోసగించిందంటూ, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది.

అప్పట్లో యూజీసీ-కేర్ జాబితా చూసుకుంటే సరిపోయేది. 2025లో యూజీసీ దాన్నీ ఆపేసింది. ఇక మంచిచెడ్డలు చూసుకోవాల్సింది యూనివర్సిటీలూ మనమే.

అందుకే ముందు ఆ జర్నల్ పాత సంచికల్లో రెండు మూడు పేపర్లు చదవండి. ఎడిటర్లుగా వేసిన పేర్లు వాళ్ల యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్నాయేమో చూడండి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందని మురిసిపోవద్దు, అది గుర్తింపు సంఖ్యే కానీ నాణ్యతకు హామీ కాదు. మంచి జర్నల్స్‌లోనూ కొన్ని ఫీజు తీసుకుంటాయి. కాకపోతే ఎంతన్నది ముందే చెబుతాయి.

మన వైపూ పద్ధతిగా ఉండాలి. ఒకే పేపర్‌ని ఒకేసారి రెండుచోట్లకు పంపకూడదు. పని చేయనివాళ్ల పేరు మొహమాటానికి చేర్చకూడదు. కాపీ సంగతి సరేసరి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే మళ్లీ రాయాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

‘ముందు ఏదో ఒకదాంట్లో వేసేద్దాం, తర్వాత మంచిదాంట్లో చూద్దాం’ అనుకుంటారు చాలామంది. అది కుదరదు. ఒకసారి అచ్చయిన పేపర్‌ని మంచి జర్నల్స్ తీసుకోవు. మూడేళ్ల కష్టం ఎవరూ చదవనిచోట ఉండిపోతుంది. తొందరపడి డబ్బు కట్టే ముందు, మెయిల్‌ని ఒక్కసారి మీ గైడ్‌కి చూపించండి!