మనోవ్యథయు ఋతుక్రమమును

వార్షిక పరీక్షలు సమీపించు దినములలో కొందరు బాలికలకు ఋతుక్రమము తప్పుచుండును. ఆ మాట చెప్పుటకు బిడ్డ సిగ్గుపడును. తెలిసిన తల్లి కలతపడును. కొన్ని యిండ్లలో అనుమానములును, మందలింపులును బయలుదేరును. కారణ మెరిగినచో ఈ భయములో సగము తొలగిపోవును.

మెదడు అడుగుభాగమున హైపోథలమస్ అను చిన్న కేంద్రము కలదు. అది జి.ఎన్.ఆర్.హెచ్. అను హార్మోనును నిర్ణీత వ్యవధులలో కొలదికొలదిగా విడుచుచుండును. ఋతుచక్రపు పూర్వభాగమున సుమారు గంటకో, గంటన్నరకో ఒకసారి ఇట్లు జరుగును. దానిచే ప్రేరితమై పీయూషగ్రంథి వేరు రెండు హార్మోనులను రక్తములో కలుపును. వానివలన అండాశయములో అండము పక్వమగును. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అనునవి పుట్టి గర్భాశయపు లోపలి పొరను పెంచి సిద్ధపరచును. గర్భము రానిచో ఆ పొర రాలుటయే ఋతుస్రావము. మెదడు ఇట్టి హార్మోనులను పుట్టించునని నిరూపించిన షాలీ, గిల్లెమిన్ అను శాస్త్రజ్ఞులకు 1977లో నోబెల్ బహుమానము లభించినది.

వ్యథ కలిగినప్పుడును ముందుగా మేల్కొనునది ఈ హైపోథలమస్సే. అది పీయూషగ్రంథికిని, పీయూషగ్రంథి మూత్రపిండములపై నుండు అధివృక్కగ్రంథులకును వార్త నంపగా కార్టిసాల్ అను హార్మోను పుట్టును. అది రక్తములో చక్కెరను పెంచి దేహమును ఆపదకు సిద్ధపరచును. కొలదికాలమైనచో ఇది మేలే. వారములు, నెలలు కొనసాగినచో ఈ వ్యథాహార్మోనులు జి.ఎన్.ఆర్.హెచ్. విడుదలను మందగింపజేయును. అండము పక్వమగుట ఆలస్యమగును, ఋతువు వెనుకబడును, ఒక్కొక్కప్పుడు నిలిచిపోవును. వానలు లేని యేట రైతు విత్తనములను గాదెలో దాచునే గాని దుక్కిలో చల్లడు. దేహము చేయునదియు నట్టి పొదుపే. తిండి మానుట, నిద్ర చెడుట, శక్తికి మించిన వ్యాయామము తోడైనచో ఫలితము మరింత తీవ్రమగును.

అయినను తప్పిన ప్రతి నెలకును చింతయే కారణమని నిశ్చయింపరాదు. రజస్వలయైన తొలి రెండు మూడేండ్లు క్రమము సహజముగనే కుదురుకొనకపోవచ్చును. ఆ వయసున 21 మొదలు 45 దినముల వ్యవధి సామాన్యము. థైరాయిడ్ దోషము, అండాశయ దోషములు కూడ కారణములు కావచ్చును. మూడు నెలలు వరుసగా రానిచో తప్పక వైద్యులకు చూపవలయును. దీర్ఘకాలము ఈస్ట్రోజెన్ తగ్గినచో ఎముకలు బలహీనపడును.

బాలికలారా! ప్రతి నెలయు తేదీని ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మన ప్రాంతమున వైద్యులు వేరొక భాష మాటలాడువారు కావచ్చును. మీరు సిగ్గుచేతనో, మాట దొరకకనో మౌనము వహించినను ఆ అంకెలు మీ తరఫున మాటలాడును.

తల్లిదండ్రులారా! పరీక్షల కాలమున ఉదయపు అన్నము, కంటినిండ నిద్ర, ఒక ఓదార్పుమాట, ఈ మూడును బిడ్డకు అమర్చుడు. గద్దించుట వ్యథకు మందు కాదు. అది ఉన్న వ్యథకు తోడు మరియొక వ్యథ.